తాలు మిర్చి పొగ

ఆ ఎండాకాలం శేఖర్‌ను చంపింది ఒక చెక్క పలక. పోలీసులు అలా రాసుకోలేదు. తాగి ఎక్కాడు, జారిపడ్డాడు అని రాసుకున్నారు. అలా రాయించింది రాజేశ్వర్ రావు, మేము బస్తాలు మోసే కోల్డు స్టోరేజీ యజమాని.

మా పని రెండు ముక్కల్లో చెప్తాను. మార్కెట్ యార్డులో కొన్న మిర్చి స్టోరేజీకి వస్తుంది. నలభై కిలోల బస్తా వీపున వేసుకుని, వాలుగా నిలబెట్టిన పలక ఎక్కి, ఇరవై అడుగుల ఎత్తున బస్తాలు పేర్చిన నెట్టు మీద దించి రావాలి. ఆ పలకకు నడుమ బీట ఉంది. ఇనుప మెట్లు పెట్టించమని నేనే నాలుగుసార్లు అడిగాను. "సీజను దాటనియ్యి మహిపాల్" అన్నాడు. మార్చి రెండో వారంలో శేఖర్ పాదం కింద అది రెండు ముక్కలైంది. వాడి వెనక మూడో మనిషిని నేను. వాడు కింద పడ్డాడు, వాడి మెడ మీద బస్తా పడింది. బస్తా పగిలి మిర్చి ముఖమంతా కమ్మేసింది. ఆటోలో వాడి తల నా ఒళ్లో ఉంది. స్పృహ లేదు. ఆ ఘాటుకు కళ్లలోంచి నీళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి. దవాఖాన గేటు దగ్గర కారడం ఆగింది.

తాగి ఉన్నాడని సాక్ష్యం చెప్పింది స్టోరేజీ వాచ్‌మన్. ఆ సాయంత్రమే వెళ్లి వాణ్ణి కొట్టాను. రెండు పళ్లు రాలాయి. నేను హమాలీ సంఘం కార్యదర్శిని. బడి ముఖం చూడనివాణ్ణి. గోడల మీది రాతలు, కరపత్రాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. నాకు తెలిసిన న్యాయం అప్పట్లో గొంతులో ఉండేది, అక్కడ సరిపోకపోతే పిడికిట్లో ఉండేది.

మరునాటి నుంచి సమ్మె అన్నాం. పలక విరిగే శేఖర్ చచ్చాడని రాజేశ్వర్ రావు రాసివ్వాలి. ఇనుప మెట్లు పెట్టాలి. అంతే. మగవాళ్లం ఎనభై మందిమి ఒక్క మాట మీద ఉన్నాం. కానీ తొడిమెలు తీసే ఆడవాళ్లు అరవై మంది లోపలికి పోతే మా సమ్మె నవ్వులపాలవుతుంది. వాళ్లు నా మాట వినరు. మొగిలమ్మ మాట వింటారు. మొగిలమ్మకు డెబ్బై దాటాయి. స్టోరేజీలో రాలిన కాయలు ఊడ్చే మనిషి. ఆదివారం ఆమె ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. నా పెళ్లాం వినోద ఏడాదిగా అక్కడికి పోతోంది. వినోద కూడా తొడిమెలు తీస్తుంది.

"రేపు మీ ఆడోళ్లంత వచ్చి గేటు కాడ కూసోవాలె," అన్నాను.

"మొగిలవ్వ కూసుంటె అందరు కూసుంటరు," అంది వినోద.

"మరి కూసోమను."

"చెప్త. కని నాకొకటి కావాలె. పొద్దుగాల నాకు ఒక అధ్యాయం చదివి పెట్టాలె. సమ్మె ఎన్ని దినాలుంటె అన్ని దినాలు. నాకు అక్షరం రాదాయె. అవ్వ ఆదివారం చదివింది సోమారం వరకు మరిచిపోతాన."

నవ్వాను. "నేను బైబిల్ చదవాల్నా? నా సంగతి నీకు ఎర్కేనా?"

"ఎర్కే. దేవుడు లేడంటవు, దయ్యం లేదంటవు. లేనోని గురించి చదివితె నీకేం నష్టం?"

బేరం నాకు చవకగా అనిపించింది. అరవై మందికి ఒక అధ్యాయం. సరే అన్నాను.

పొద్దున్నే మొగిలమ్మ తన పాత పుస్తకం పట్టుకుని మా ఇంటికే వచ్చింది. అట్ట ఊడిపోతే బస్తాలు కుట్టే పురికొసతో కుట్టుకుంది. "నిర్గమకాండం తోటి షురూ చెయ్యి కొడుకా," అంది. "అండ్ల నీ అసోంటోడే ఒకడున్నడు. కోపానికొచ్చి ఒకణ్ణి కొట్టి చంపి, ఇసుకల పాతిపెట్టి ఉరికిండు."

"ఎవడు వాడు?"

"మోషే. దేవునికి ఇంకెవలు దొరకనట్టు ఆయన్నే పిలిచిండు."

మొదటి రోజు కరపత్రం చదివినట్టే చదివాను. గోడ అవతలికి వినిపించేలా. వినోద చెవులు మూసుకుంది. "గట్ల ఒర్రకు. లాఠీచార్జి అయితాందనుకుంటరు పక్కింటోళ్లు." చదవడం అయ్యాక లేవబోతే కొంగుతో అడ్డం పెట్టింది. "ఇంకా కాలే. ఇద్దరం చెరొక స్తోత్రం చెప్పాలె. నిన్న మనకు వచ్చినదానికి. చెప్పిందే మల్ల చెప్పద్దు. మందిని ముంచి తెచ్చుకున్నదానికి అసలే చెప్పద్దు. ఇది అవ్వ పెట్టిన లెక్క."

"నాకు ఎవడేం ఊకె ఇచ్చిండని?"

"మంచిగ యాది చేసుకో. తొందరేం లేదు. సమ్మెల ఉన్నవు కదా."

రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు విసుగొచ్చి "నల్లా వచ్చింది" అన్నాను. అంతకుముందు రెండు రోజులు నీళ్లు రాలేదు మాకు. వినోద పడీ పడీ నవ్వింది. "దేవుడా, వీని నోట్లెంచి నల్లా అన్న వచ్చింది, స్తోత్రం!"

ఐదో అధ్యాయం దగ్గర నేను ఆగిపోయాను. ఇటుకలు చేసే కూలీలకు మట్టిలో కలిపే గడ్డి ఇవ్వడం మానేస్తాడు రాజు ఫరో. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గొద్దు అంటాడు. అడగడానికి పోయినవాళ్లను మీరు సోమరులు, అందుకే సెలవు అడుగుతున్నారు అంటాడు. శేఖర్‌ను తాగుబోతు అన్న గొంతు నాకు అందులో వినిపించింది. వినోద అడగకుండానే రెండోసారి చదివాను. ఆ రోజు గేటు దగ్గర మైకు పట్టుకుని ఉన్నదున్నట్టు అదే చెప్పాను. నూట నలభై మంది చప్పుడు చేయకుండా విన్నారు.

"గిది ఏ సంఘపోళ్ల పాంప్లెటే అన్నా?" అని ఒకడు అడిగాడు.

"నీకంటె పాత సంఘం బిడ్డా," అంది మొగిలమ్మ.

ఆ తర్వాత పొద్దున లేవడం బరువనిపించలేదు. ఆరో రోజు నా స్తోత్రం నేనే ముందు చెప్పాను. శేఖర్ పెళ్లాం సుకన్య, మొగుడు పోయిన వారానికే వచ్చి గేటు దగ్గర ఆడవాళ్లలో కూర్చుంది. "సుకన్య వచ్చి కూసుంది," అన్నాను. వినోద తలెత్తి చూసింది. అప్పటికి నాకు దేవుడంటే నమ్మకం కుదిరిందని చెప్పను. పొద్దున్నే ఎవరో నాతో మాట్లాడుతున్నారని మాత్రం అనిపించేది. నేను మాట్లాడేవాణ్ణే గాని, నాతో ఎవరైనా మాట్లాడితే వినేవాణ్ణి కాదు. అది కొత్త.

కానీ నాలోని పాత మనిషి ఆ పుస్తకంలో కూడా ఆయుధమే వెతికాడు. తొమ్మిదో అధ్యాయంలో మోషే కొలిమి బూడిద పిడికెడు తీసి ఆకాశంలోకి చల్లుతాడు. అది దేశమంతా దుమ్మయి మనుషులకు బొబ్బలు లేస్తాయి. అది చదువుతుంటేనే నాకు ఉపాయం తట్టింది. స్టోరేజీ గోడ పక్కన తాలు కాయలు రెండు బస్తాలున్నాయి. రంగు పోయి, వడిలి, ఎవడూ కొనని మిర్చి.

"ఇయ్యాల నీ స్తోత్రమేంది?" అంది వినోద.

"రేపు చెప్త. ఇయ్యాల పనున్నది," అని లేచాను.

ఆ రోజు పని ఏమిటంటే, రాజేశ్వర్ రావు వేరే జిల్లా నుంచి ముప్పై మంది కూలీలను దించాడు. వాళ్లు నింపిన వ్యాను ఆ రోజు బయటికి వస్తుంది, దాన్ని ఆపాలి. దాన్ని నడిపేది హరీష్, వినోద తమ్ముడు. ముందు రోజు నేను వాణ్ణి కాలర్ పట్టుకుని, సేటు బండి ఎందుకు తీస్తున్నావని అడిగాను. "బావా, నీకు సంఘమున్నది. నాకు స్టీరింగ్ తప్ప ఏమున్నది?" అన్నాడు. చెంప మీద ఒక్కటిచ్చి వదిలేశాను.

పది గంటలకు తాలు బస్తాలు గేటు ముందు కుప్ప పోసి కిరసనాయిలు చల్లి అంటించాం. మిర్చి పొగ ఎరగనివాళ్లకు చెప్పలేను. గొంతులో కత్తి దిగినట్టుంటుంది. గాలి స్టోరేజీ వైపే కొడుతోంది. లోపలి కూలీలు దగ్గుతూ, కక్కుతూ వెనక గోడ దూకి పారిపోయారు. మావాళ్లు కేకలు వేశారు. నేను మైకులో ఫరో పేరు పెట్టి అరిచాను.

అప్పుడు వ్యాను హారన్ వినిపించింది. అదే నిమిషంలో గాలి తిరిగింది.

పొగంతా మా మీదికి వచ్చింది. కళ్లు తెరవలేకపోయాం. ఆడవాళ్లు గోడవారన కొంగులు ముఖాన కప్పుకుని అరుస్తున్నారు. హారన్ దగ్గరికి వస్తోంది. వ్యాను పోతోంది, పోతే ఓడిపోయాం, అదొక్కటే నా బుర్రలో ఉంది. పక్కన జామకాయల బండి ఉంది. తడిమితే చేతికి ఇనుము తగిలింది. అరకిలో తూకపు రాయి. కళ్లు మూసుకునే, హారన్ వినిపించిన వైపుకు బలమంతా పెట్టి విసిరాను.

అద్దం పగిలిన చప్పుడు రాలేదు. కేక వినిపించింది. మగ గొంతు కాదు.

పొగ విడేసరికి మొగిలమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఎడమ కంటి మీద చెయ్యి, వేళ్ల సందుల్లోంచి రక్తం. ఆమె మోకాలి పక్కన తూకపు రాయి. నేను చూశాను. నాకు తెలిసిపోయింది.

"వ్యాన్లకెళ్లి ఇసిరిండ్రురా!" అని అరిచాడు భానుచందర్, మా సంఘం అధ్యక్షుడు. "తూకపు రాయి! హమాలోని చేతిల తూకపు రాయి ఎందుకుంటది? సేటు మనుషులే!"

వాడు అబద్ధమాడలేదు. నిజమనుకునే అన్నాడు. ఆ మాట గుంపుకంతా నిజంలాగే వినిపించింది. పొగలో తోవ కనపడక బండి ఆపిన హరీష్‌ను తలుపు తెరిచి కిందికి లాగారు. చొక్కా చిరిగింది. ఎవడో తలను బంపరుకేసి కొట్టాడు. వాడు జనం కాళ్ల సందుల్లోంచి నన్ను చూశాడు. "బావా, నేను కాదు బావా! నువ్వన్న చెప్పు బావా!" అని రెండు చేతులూ నా వైపు చాచాడు.

నేను తన్నాను. డొక్కలో. రెండోసారి కూడా తన్నాను, వాడి నోరు మూతపడాలని.

పోలీసులు హరీష్‌ను ఎత్తుకెళ్లారు. మొగిలమ్మ కన్ను పోయిందని సాయంత్రం డాక్టర్లు చెప్పారు. రక్తం కారుతున్న ముసలమ్మ వీడియో ఊరంతా తిరిగింది. మిగతా స్టోరేజీల హమాలీలు పనులు ఆపి మా గేటుకు వచ్చారు. కొత్తవాడ నేత పనివాళ్లు వంట చేసి డేగిశాల్లో పంపారు. తొమ్మిది రోజులు మేము అరిచి తేలేనిది ఆ ఒక్క కన్ను తెచ్చింది.

పదో రోజు పొద్దున వినోద పుస్తకం ముందు పెట్టి అంది, "మా హరీష్ గసోంటి పని చేసెటోడు కాదు. నీకు తెల్వదా? వాడు నీ కండ్ల ముంగట పెరిగిండు."

"సప్పుడు చేయకు."

"నువ్వక్కడ్నే ఉన్నవ్. ఎవరేసిండ్రో చూసినవా?"

కొట్టాను. పెదవి చిట్లింది. అంతకుముందు కూడా కొట్టాను ఆమెను, దాచను. కానీ ఆ రోజు వినోద ఏడవలేదు. పెదవి తుడుచుకుని నా కళ్లలోకి చూసింది.

"ఇదే ఆఖరుసారి. ఇంకొక్కసారి చెయ్యి లేస్తె ఈ గడపల ఉండ. యేసు ఓర్చుకున్నడని నన్ను ఓర్చుకొమ్మని ఎవలన్న చెప్తె వాళ్లకు సుత చెప్త నా సంగతి. ఇగ చదువు. మాటంటె మాటే."

చదివాను. పదో అధ్యాయంలో మూడు దినాల చీకటి ఉంది. ఒకరి ముఖం ఒకరికి కనపడని చీకటి.

"అవ్వకు ఒక కన్నన్న మిగిలింది, స్తోత్రం," అంది వినోద. నా వైపు చూసింది. నేను లేచి పోయాను.

ఎందుకు మానేయలేదో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆడవాళ్లు ఎలాగూ గేటు వదలరు. బేరం తీరిపోయింది. అయినా తెల్లారగానే పుస్తకం నేనే తీసేవాణ్ణి. మెరుపులాంటిదేదీ జరగలేదు. కుప్పలోంచి ఒక్కో కాయ తీసి తొడిమె గిల్లినట్టు రోజుకొక అధ్యాయం, అంతే. నా తొడిమె ఎక్కడుందో ఆ పుస్తకం వేళ్లకు దొరుకుతోందని మాత్రం తెలుస్తోంది. సముద్రం రెండుగా చీలి కూలీలు దాటి, ఫరో సైన్యం మునిగే అధ్యాయం వచ్చిన పద్నాలుగో రోజు కూడా నాకు సంతోషం కలగలేదు. మునిగిపోయినవాళ్ల లెక్కలో నేనున్నానా, దాటినవాళ్లలోనా అని చూసుకున్నాను.

పదిహేడో రోజు కలెక్టరాఫీసు నుంచి చర్చలకు రమ్మని కబురొచ్చింది. భానుచందర్ నన్ను ఎత్తుకుని గిరగిర తిప్పాడు. "గెలుస్తానం రా మహిపాల్! అవ్వ కన్ను ఊకె పోలేదు!" మరునాడు పొద్దున చదవడం అయ్యాక దానికే స్తోత్రం చెబుదామని నోరు తెరిచాను. అవ్వ పెట్టిన లెక్క గుర్తొచ్చింది. మందిని ముంచి తెచ్చుకున్నదానికి చెప్పద్దు.

"నల్లా వచ్చింది," అన్నాను.

"అది మూడో దినం చెప్పినవ్."

"మరి లేదు."

"ఏం లేదా? సమ్మె గెలుస్తానమని వాడంత పండుగ చేస్తాంది. నీకు చెప్పనీకి ఏం లేదా?"

ఆమె పుస్తకం మూసి, దాని మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

ఇరవయ్యో రోజు ఇరవయ్యో అధ్యాయం. పది ఆజ్ఞలు. హత్య చేయొద్దు, వ్యభిచరించొద్దు, దొంగిలించొద్దు, వరుసగా చదువుతూ పోయాను. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకొద్దు అన్నచోట ఆగాను.

"ఆగినవేంది?"

"ఏం లే."

"అక్షరాలు కనవడ్తలేవా?"

"జామకాయల బండి మీదిది," అన్నాను.

"ఏంది?"

"తూకపు రాయి."

పొయ్యి మీద చాయ పొంగి మంట ఆరింది. వినోద లేవలేదు. గ్యాసు వాసన వస్తోంది. నేనే లేచి కట్టేశాను. తిరిగొచ్చేసరికి ఆమె చీర మార్చుకుంటోంది. జైలుకు తమ్ముణ్ణి చూడ్డానికి పోతున్నానంది. గుమ్మం దాటుతూ ఆగింది. "వాణ్ణి తన్నింది సుత నువ్వేనట కదా. మొన్న జైలుకు పోతె నిన్ను ఒక్క మాట అనలే వాడు. బావ కోపంల తన్నిండక్కా అన్నడు." వెళ్లిపోయింది. మిగిలిన అధ్యాయం ఒక్కణ్ణే చదువుకున్నాను.

మరునాడు ఇరవై ఒకటో అధ్యాయంలో కంటికి కన్ను, పంటికి పన్ను అని ఉంది. వాచ్‌మన్ పళ్లు కూడా గుర్తొచ్చాయి. పుస్తకం చంకన పెట్టుకుని మొగిలమ్మ ఇంటికి నడిచాను. దవాఖాన నుంచి వచ్చి నాలుగు రోజులైంది. తలకు కట్టుతో గోడకానుకుని కూర్చుంది. గడప బయటే నిలబడ్డాను.

"అవ్వా, ఆ రాయి నాది."

"నాకు ఎర్కే," అంది.

"ఎర్కేనా?"

"పొగ నీకు కొత్తేమో గాని నాకు కొత్తనా? ముప్పై ఏండ్లు మిర్చి ఊడ్చిన. నేను కండ్లు మూయలే. నీ చెయ్యి లేసుడు చూసిన."

"మరి పోలీసులకెందుకు చెప్పలే?"

"పొగల ఎవలో తెల్వదు, హరీష్ మాత్రం కాదని చెప్పిన. నా మాట రాసుకోలే. నీ పేరు నువ్వే చెప్తవని చూస్తాన. నీది పెద్ద నోరు కదా. మైకు లేకున్నా కాశిబుగ్గ దాక ఇనవడ్తది. ఈ ఒక్క ముచ్చటకు నోరు రాలే." ఆమె గొంతు లేచింది. "ఆ పోరడు పన్నెండు దినాలకెళ్లి జైల్ల ఉన్నడు. రోజొక రాయి ఇసిరినట్టే నువ్వు!"

నేను మోకాళ్ల మీద కూలబడ్డాను. "నా కన్ను తీసుకో అవ్వా" అన్నాను. అప్పుడే చదివొచ్చిన మత్తు అది.

"నీ కన్ను నేనేం చేసుకోను, కాకులకేయనా? లే. ఏడ్వకు. నిన్ను మాఫ్ చేసిన అనుకుంటానవా? చేయలే. రోజు పొద్దుగాల దేవుణ్ణి అడుగుతాన, ఈ మహిపాల్‌ను మాఫ్ చేసే మనసియ్యి తండ్రీ అని. ఇంకా ఇయ్యలే. ఇచ్చిన్నాడు చెప్త. ముందు నువ్వు చెప్పేకాడ చెప్పు పో."

ఇరవై రెండో రోజు గేటు దగ్గర ఐదారు వందల మంది ఉన్నారు. మధ్యాహ్నం చర్చలు. భానుచందర్‌ను పక్కకు పిలిచి చెప్పాను. వాడి ముఖం తెల్లబోయింది.

"సాయంత్రం వరకు ఆగు," అన్నాడు. "సంతకాలు కానీ. ఇనుప మెట్లు రానీ. తర్వాత నీ ఇష్టం."

"సాయంత్రం దాక ఆగితె ఎన్నటికి చెప్ప భానన్నా."

"సుకన్యకు ఏం చెప్తవురా? నీ మనసు కడుక్కునేటందుకు ఆమె మొగణ్ణి మల్ల చంపుతవా?"

నేను పోయి మైకు తీసుకున్నాను.

"తాలు అంటించుమన్నది నేను. తూకపు రాయి ఇసిరింది నేను. హరీష్ కాదు. ఇసిరి, వాణ్ణి తన్నింది సుత నేనే," అన్నాను. అంతే చెప్పగలిగాను. నా జీవితంలో అంత చిన్న ప్రసంగం చేయలేదు.

మొదట సుకన్య చెప్పు వచ్చి ఛాతీకి తగిలింది. తర్వాత నా మనుషులే నా మీద పడ్డారు. సంఘం జెండా కర్రతోనే భుజం మీద కొట్టారు. ముక్కు చిట్లింది. కింద పడితే డొక్కలో తన్నారు, నేను హరీష్‌ను తన్నినచోటే. చెయ్యి అడ్డం పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదు. భానుచందర్ కొట్టలేదు. ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. నాకు అదే ఎక్కువ నొప్పి.

అప్పుడు రాజేశ్వర్ రావు కారు వచ్చింది. ఎవరో ఫోన్ చేసి ఉంటారు. కిందపడి ఉన్న నన్ను చూసి నవ్వాడు. "చూసినరా? ముసలామె కన్ను పొడిసింది మీ లీడరే. ఇసోంటోన్ని నమ్ముకుని ఎండల కూసున్నరు. ఇగ పోండి, పనులకు పోండి."

కొందరు మగవాళ్లు తలలు దించుకుని లేచారు కూడా.

గోడవారనుంచి మొగిలమ్మ వచ్చింది. కట్టు మీదికి కొంగు కప్పుకుంది. గుంపు తోవ ఇచ్చింది. ఆమె నన్ను దాటుకుంటూనే పోయింది, కిందికి చూడలేదు. కారు ముందు నిలబడింది.

"సారూ, రాయి ఎవనిదో వాడు చెప్పిండు. జైలుకు సుత పోతడు. పలక ఎవనిదో నువ్వు చెప్పు."

ఆయన ఏదో అనబోయాడు. "తాగిండని చెప్పకు," అంది. "వాని నోరు నేను వాసన చూసిన, పీనుగను కడిగింది నేనే. పలక ఎవనిది?"

వినోద ఆమె పక్కకు వచ్చి కూర్చుంది. సుకన్య వచ్చింది, ఒంటి చెప్పుతో. అరవై మంది ఆడవాళ్లు గోడవారనుంచి లేచి కారు ముందు నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ అరవలేదు. లేచిన మగవాళ్లు కాసేపు నిలబడి, మళ్లీ కూర్చున్నారు. నన్ను పోలీసులు ఎత్తి జీపులో వేసేటప్పటికి రాజేశ్వర్ రావు ఇంకా కారు డోరు పట్టుకునే ఉన్నాడు.

హరీష్‌ను మరునాడు వదిలారు. నేను నలభై మూడు రోజులు జైల్లో ఉన్నాను. మొదటి ములాఖత్‌కు వినోద పుస్తకం తెచ్చింది. "నీ మీద కోపం పోలే. కని చదువుడు ఆపకు. నేను చెప్పిన బేరం సమ్మె ఉన్నన్ని దినాలు. సమ్మె ఇంకా ఉన్నది," అంది. జైల్లో ఒకరోజు ఇరవై ఆరో అధ్యాయం వచ్చింది. దేవుని గుడారానికి పలకలు ఎలా చేయాలో ఉంది. ఎన్ని మూరలు, దిమ్మల్లో దిగడానికి ఒక్కో పలకకు ఎన్ని కుసులు, కింద ఏ దిమ్మలు, అన్నీ విడమరిచి. విసుగు పుట్టే అధ్యాయమట అది, పక్క బ్యారక్‌లో ఒక క్రైస్తవుడు చెప్పాడు, దాటేయమన్నాడు. నేను దాటలేదు. ఏ పలకా కదలకుండా నిలబడాలని అంత పట్టింపు ఉన్నవాడు శేఖర్ పడినప్పుడు చూడకుండా ఉంటాడా అనిపించింది. ఆ రోజు నేను ప్రార్థన చేశాను. ఎవరూ అడగకుండా, బేరం లేకుండా. అప్పటినుంచి మానలేదు.

సమ్మె ముప్పై ఎనిమిదో రోజు ముగిసింది. పలకకు బీట ఉన్న మాట నిజమేనని రాజేశ్వర్ రావు రాసిచ్చాడు. ఇనుప మెట్లు వచ్చాయి. ఆయన మీద కేసు ఇంకా నడుస్తోంది, నా మీది కేసు కూడా. సంఘం నన్ను కార్యదర్శి పదవి నుంచి తీసేసింది. సభ్యత్వం ఉంచారు, బస్తా మోయడానికి. వాచ్‌మన్ ఇంటికి పోయి తప్పయిందన్నాను. తలుపు వేసేశాడు. హరీష్ కాజీపేటలో ఆటో నడుపుతున్నాడు. నాతో మాట్లాడడు. మాట్లాడమని వినోద వాణ్ణి అడగలేదు. నేనూ అడగనివ్వలేదు.

మొగిలమ్మకు మిగిలిన కంటికి పొర కమ్మింది. అక్షరాలు కనపడవు. జైలు నుంచి వచ్చాక, వినోద కోసం ఇంట్లో చదివి, పనికి పోయేముందు అవ్వ ఇంటికి పోయి చదవడం మొదలుపెట్టాను. లోపలికి రమ్మనలేదు. గడప బయట, మెట్టు మీద కూర్చుని చదివేవాణ్ణి. ఆమె లోపల చాప మీద గోడకానుకుని వినేది. అయ్యాక తన స్తోత్రం తనే చెప్పుకునేది. కోడి గుడ్డు పెట్టింది, మోకాలు నొప్పి తగ్గింది, మనవరాలు ఫోన్ చేసింది. నేను నాది చెప్పి లేచేవాణ్ణి. అలా నెల గడిచింది.

జూన్ మూడో వారంలో ఒకరోజు నేను పేజీ తిప్పుతుంటే చినుకులు మొదలయ్యాయి. ఒకటి పేజీ మీదే పడింది. పుస్తకాన్ని చొక్కా కిందికి తోసుకుని, మెట్టు మీదే ముడుచుకుని కూర్చున్నాను. వాన జోరు అందుకుంది. వీపంతా తడిసింది.

"మహిపాల్," అంది లోపలినుంచి.

"ఏందవ్వా?"

"అక్షరాలు కరిగిపోతయి. లోపటికి రా."

చెప్పులు విడిచి లేచాను. ఆమె గోడ తడుముకుంటూ చాప మీద ఒక పక్కకు జరిగింది.